విదేశీ పెట్టుబడులు వస్తున్నాయని అప్పు చేసి ఫండ్లలో పెట్టొచ్చా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. పైడిభీమవరంలో మందుల కంపెనీలో పని చేస్తున్నాను. జీతం 42 వేలు, ఖర్చులు 28 వేలు, బ్యాంకులో 20 వేలు ఉన్నాయి. ఊళ్లో అమ్మానాన్నలకు జీడి, కొబ్బరి తోట ఉంది. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు, విశాఖలో గూగుల్ డేటా సెంటర్... మన వైపు ఇంత పెట్టుబడి వస్తోంది కదా! 15 శాతం వడ్డీకి 5 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని మన ఈక్విటీ ఫండ్లలో (షేర్లలో పెట్టే ఫండ్లు), కొంత చైనా వంటి వర్ధమాన దేశాల ఫండ్లలో పెట్టాలనుకుంటున్నాను. ఐదేళ్లలో తీర్చేస్తాను. మంచిదేనా?

జవాబు: వద్దండీ. లోన్ ఇంకా తీసుకోలేదు కాబట్టి ఇక్కడితో ఆపేయండి. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య తరచూ వస్తున్నాయి, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను.

మీ లోన్‌కు నెలకు దాదాపు 11,900 కిస్తీ పడుతుంది. ఐదేళ్లకు మొత్తం 7 లక్షల 14 వేలు కడతారు. ఖర్చులు పోగా నెలకు మీ చేతిలో మిగిలేది 2,100. పిల్లాడికి జ్వరం వస్తే ఆసుపత్రికి ఎక్కడి నుంచి తెస్తారు?

ఆర్థిక వృద్ధి వేరు, మీకొచ్చే లాభం వేరు. 2007 అక్టోబరులో చైనా షేర్ మార్కెట్ సూచీ అయిన షాంఘై సూచీ 6,000 దాటింది. ఆ తర్వాత చైనా ఆర్థిక వ్యవస్థ ఎన్నో రెట్లు పెరిగినా సూచీ మళ్లీ ఆ గరిష్ఠాన్ని అందుకోలేదు. డేటా సెంటర్ కట్టడానికి వచ్చిన డబ్బు ఏళ్ల తరబడి ఉంటుంది. షేర్లలోకి వచ్చిన విదేశీ డబ్బు అలా కాదు, 2024 అక్టోబరు ఒక్క నెలలోనే మన మార్కెట్ నుంచి 94 వేల కోట్ల రూపాయలకు పైగా వెళ్లిపోయింది. మీ కిస్తీ మాత్రం ఏ నెలా ఆగదు.

మీ సోంపేట వైపు ఉద్దానం ప్రాంతం వాళ్లకు నేను ప్రత్యేకంగా గుర్తుచేసేది 2018 అక్టోబరు. తిత్లీ తుపానుకు కొబ్బరి, జీడి చెట్లు నేలకూలాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మార్కెట్ కూడా పడింది. ఆగస్టు చివర 11,700 దాటిన మన షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ అక్టోబరు చివరికి 10 వేల దగ్గరికి దిగింది. ఇంట్లో కష్టమూ మార్కెట్ నష్టమూ ఒకేసారి రావని ఎవరూ హామీ ఇవ్వలేరు. అప్పుడు కిస్తీ కట్టడానికి ఫండ్లను నష్టానికి అమ్ముకోవాలి, లేదా మీ ఆవిడ బంగారం తాకట్టు పెట్టాలి. కొత్త జీడి మొక్క కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో మీకే బాగా తెలుసు. ఆ ఏళ్లన్నీ అమ్మానాన్నల ఖర్చు కూడా మీ జీతం మీదే పడుతుంది.

కాబట్టి ముందు అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చు, అంటే 1 లక్షా 68 వేలు. మిగులుతున్న 14 వేలలో 12 వేలు ప్రతి నెలా జీతం పడిన రోజే ఆర్‌డీకి (బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వెళ్లేలా పెట్టండి. చేతిలోని 20 వేలతో కలిపి ఏడాది దాటేసరికి నిధి సిద్ధమవుతుంది. తోట మీద ఆధారపడిన అమ్మానాన్నలు ఉన్నారు కాబట్టి తర్వాత దాన్ని తొమ్మిది నెలలకు పెంచండి. ఈ డబ్బు ఫండ్లలో పెట్టొద్దు, బంధువులకు చేబదులుగానూ ఇవ్వొద్దు.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, సొంతంగా ఒకటి తీసుకోండి. నిధి పూర్తయ్యాక నెలకు 5 వేలతో ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లనే కొనే ఫండ్) సిప్, అంటే నెలనెలా కొంత పెట్టే పద్ధతి, మొదలుపెట్టొచ్చు. చైనా ఫండ్ సంగతి అప్పుడు చూద్దాం. లోన్ ఇస్తామని మళ్లీ ఫోన్ వస్తే అక్కర్లేదని చెప్పేయండి.