పాత డిజిటల్ కెమెరాను ఇన్‌ఫ్రారెడ్‌కి ఇంట్లోనే మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతితో ఫొటోలు తీయొచ్చు. నేను మార్చాను, షాక్ కూడా తిన్నాను.

బ్యాటరీ తీసేశాను కదా అని ధీమాగా కెమెరా విప్పాను. ఫ్లాష్ పక్కన నల్లగా, చిటికెన వేలి కొసంత కెపాసిటర్ ఉంటుంది, ఫ్లాష్ కోసం కరెంటు దాచిపెట్టేది అదే. బ్యాటరీ లేకపోయినా అందులో 300 వోల్టుల దాకా ఛార్జి నిలిచే ఉంటుంది. నా వేలు దాని కాళ్లకి తగిలింది. టప్‌మని చప్పుడు, మోచేయి దాకా జివ్వుమంది, స్క్రూలు పెట్టుకున్న సీసా మూత ఎగిరిపోయింది. పదకొండింటిలో రెండు ఇప్పటికీ దొరకలేదు. కెమెరా మాత్రం పనిచేస్తోంది, ఆ రెండూ అసలెందుకు పెట్టారో! కాబట్టి ముందు రెసిస్టర్‌తో (కరెంటుని మెల్లగా పోనిచ్చే భాగం) ఆ కెపాసిటర్‌ని డిశ్ఛార్జ్ చేయండి. చేతకాకపోతే తెలిసినవాళ్లకి ఇవ్వండి, సిగ్గేం లేదు.

కెమెరాలో కాంతిని పట్టి ఫొటోగా మార్చే సెన్సార్ ముందు లేత నీలం గాజు ముక్క ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్‌ని చాలావరకు ఆపేది అదే. అది తీసేసి, ఏమీ పెట్టకుండా మూసేశాను. దగ్గరివి బాగానే వచ్చాయి, దూరపు కొబ్బరిచెట్లు మాత్రం ఎంత తిప్పినా మసక. ఆ గాజు మందంతో కలిపే ఫోకస్ లెక్క ఉంటుంది మరి. మళ్లీ విప్పి, మైక్రోస్కోప్ స్లైడ్ ముక్క పెట్టాను. కోసిచ్చింది ఫొటో ఫ్రేములు కట్టే షాపాయన. "ఇంత చిన్న ఫ్రేమ్ ఎవరికండీ, చీమకా?" అన్నాడు. మీది డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పెద్ద కెమెరా) అయితే కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ ఫోకస్ నమ్మకండి, వెనక స్క్రీన్ మీద చూసే లైవ్ వ్యూ వాడండి.

ఇక లెన్స్ ముందు, మామూలు కాంతిని దాదాపు ఆపేసి ఇన్‌ఫ్రారెడ్‌ని వదిలే 720 నానోమీటర్ల ఫిల్టర్ పెట్టుకుంటే చాలు. కెమెరా విప్పకుండా ఆ ఫిల్టర్ ఒక్కటే తగిలించినా ఫొటో వస్తుంది. కాకపోతే పట్టపగలు కూడా ట్రైపాడ్ మీద సెకన్ల తరబడి ఆగాలి, ఈలోగా గాలికి చేను ఊగితే అంతా పాలు ఒలికినట్టే.

నాకు ఒళ్లు మండేది ఇంకొకటుంది. తీసిన ఫొటోలో ఎరుపు, నీలం చానెళ్లు (రంగుల పొరలు) కంప్యూటర్లో తారుమారు చేసి, బంగారు ఆకులు, నీలాకాశం అంటూ అందరూ ఒకే అచ్చులో పోసినట్టు పెడతారు. ఇన్‌ఫ్రారెడ్ అంటే నలుపు తెలుపే! మాది కోనసీమ. వరి ఏపుగా ఉన్న రోజుల్లో, మామూలు ఫొటోగ్రాఫర్లు నీడకి పోయే మిట్టమధ్యాహ్నం కాలవ గట్టు మీద నిలబడి చూడండి. ఆకులు ఇన్‌ఫ్రారెడ్‌ని తిప్పికొడతాయి, నీళ్లు మింగేస్తాయి. చేనంతా దూదిలా తెల్లగా, కాలవ తారులా నల్లగా వస్తాయి.

మా చింతచెట్టు ఫొటో చూసి అమ్మ, "మొదలుకి కొట్టాల్సిన సున్నం ఆకులకి కొట్టారేంట్రా" అంది. ఆ చెట్టు కిందే నిలబడ్డ మా బావ నల్ల ప్యాంటు కూడా తెల్లగా వచ్చింది. కొన్ని నల్ల రంగుల అద్దకాలు అంతే. ఆ ఫొటో ఆయనకింకా చూపించలేదు.