ఫిన్లాండ్ అకార్డియన్ సంఘంలో చేరితే ఏడాది ఎలా గడుస్తుంది?

ఉద్యోగరీత్యా ఫిన్లాండ్‌లోని టాంపెరె నగరానికి వస్తున్నాననీ, చిన్నప్పటి నుంచి భజనల్లో హార్మోనియం వాయించే అలవాటు ఉందనీ, ఇక్కడి అకార్డియన్ సంఘంలో చేరితే వేసవి ఉత్సవాలు తప్ప మిగతా ఏడాదంతా ఏమైనా ఉంటుందా అనీ మీరు అడిగారు. నేను ఆ చుట్టుపక్కలే ఒక సంఘంలో కొన్నేళ్లుగా వాయిస్తున్నాను. నా అనుభవంలో ఈ దేశంలో అకార్డియన్‌కు అసలైన కాలం చలికాలమే. జూన్, జులైలలో వేదికల మీద వినిపించేదంతా సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా వారం వారం జరిగే సాధనలో తయారైనదే. అందువల్ల ముందు ఒక వేసవి ఉత్సవం చూసి ఆ తర్వాత చేరదామని ఆగవద్దు.

ఇక్కడి సంగీత సంవత్సరం ఆగస్టులో మొదలవుతుంది. పెద్దవాళ్లు సాయంత్రం పూట నేర్చుకోవడానికి కన్సలైసోపిస్తో అనే విద్యాలయాలు దేశమంతటా ఉన్నాయి. వాటిలో పేరు నమోదు చేసుకునేది ఆ నెలలోనే; అకార్డియన్ తరగతులు ఉన్నచోట స్థలాలు త్వరగా నిండిపోతాయి. దీనికి తోడు ఊరి సంఘం వారానికి ఒక సాయంత్రం ఏదో ఒక బడి హాలులో కలుస్తుంది. మా సంఘంలో పదవీ విరమణ చేసిన వడ్రంగులు, బస్సు డ్రైవర్లు, నర్సులు ఎక్కువ. కొత్తవాళ్లను వెనక వరసలో కూర్చోబెట్టి, ప్రధాన రాగానికి తోడుగా నడిచే మూడో భాగం అప్పగించి, రాని చోట ఊరుకోమనీ వచ్చిన చోట గట్టిగా వాయించమనీ చెబుతారు. మధ్యలో కాఫీకి విరామం తప్పనిసరి. దానితో ఇచ్చే తియ్యటి బన్నులో యాలకుల వాసన గుప్పుమంటుంది, మీకు ఇల్లు గుర్తుకొస్తుంది.

చలికాలంలో వాద్యాన్ని కాపాడుకోవడం ఒక విద్య. లోపల రీడ్లు, అంటే గాలికి కంపించి పలికే సన్నని ఉక్కు పట్టీలు ఉంటాయి. వాటిని పట్టి ఉంచే లోహపు పలకలను తేనెమైనం, గుగ్గిలం లాంటి జిగురు కలిపిన మిశ్రమంతో చెక్క దిమ్మెలకు అతికిస్తారు. బయట సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన ఉన్నప్పుడు పెట్టెను వెచ్చని గదిలోకి తెచ్చి వెంటనే తెరిస్తే చల్లటి రీడ్ల మీద తేమ పట్టి, క్రమంగా తుప్పు చేరి శ్రుతి మారుతుంది. అందుకే హాలుకు ముందుగా వెళ్లి పెట్టెను మూసే ఉంచి, అది గది వేడికి వచ్చాకే తీయాలి. ఇంట్లో హీటర్ల పొడిగాలికి చెక్క ఎండి, రీడ్ల మీది సన్నని తోలు ముక్కలు వంకర తిరుగుతాయి కాబట్టి గదిలో కొంత తేమ కూడా ఉండాలి. వేసవిలో దీనికి విరుద్ధం: ఎండలో కారులో వదిలేస్తే మైనం మెత్తబడి రీడ్లు జారిపోతాయి.

డిసెంబరు రెండో సగంలో ఇక్కడ పగలు అయిదున్నర గంటలైనా ఉండదు. సంఘాలు ఎక్కువగా వృద్ధాశ్రమాలకు వెళ్లేది అప్పుడే, నాకు ఏడాదిలో అన్నిటికన్నా ఇష్టమైన పని కూడా అదే. ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు సాక్కియార్వెన్ పోల్కా అనే హుషారైన నాట్యగీతం అడుగుతారు. రెండో ప్రపంచయుద్ధంలో, 1941లో ఫిన్లాండ్ సైన్యం తూర్పున కరేలియా ప్రాంతంలోని వీపురి నగరాన్ని సోవియట్ల నుంచి తిరిగి తీసుకున్నప్పుడు, వెనుదిరిగిన సోవియట్ సేనలు రేడియో సంకేతంతో పేలే మందుపాతరలను అక్కడ అమర్చి వెళ్లాయి. ఆ సంకేతం వాటికి చేరకుండా అదే తరంగం మీద విల్యో వెస్టెరినెన్ అకార్డియన్ మీద వాయించిన ఈ పోల్కా రికార్డును ఎడతెరిపి లేకుండా ప్రసారం చేశారు. పాటలో చెప్పే సాక్కియార్వి ప్రాంతం యుద్ధం తర్వాత సోవియట్ల వశమైంది, ఇప్పుడు రష్యాలో ఉంది. అలా పోయిన కరేలియా నుంచి నాలుగు లక్షలకు పైగా జనం ఇల్లూ వాకిలీ వదిలి వచ్చారు. పసితనంలో అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చినవారిలో కొందరు ఇంకా ఉన్నారు. మాట తడబడుతున్న ఒక పెద్దావిడ ఈ పోల్కా మొదలవగానే చక్రాల కుర్చీ చేతిపట్టీ మీద రెండు చేతులతో తాళం వేయడం చూశాను; చివరి చరణం దాకా ఆవిడ లయ ఒక్కసారి కూడా తప్పలేదు.

వసంతంలో వార్షిక సమావేశం, లెక్కల ఆమోదం, ఒక కచేరీ ఉంటాయి. ప్రపంచ అకార్డియన్ దినం వచ్చేది కూడా వసంతంలోనే, మే 6న: 1829లో వియన్నాలో వాద్యాల తయారీదారు సిరిల్ డెమియాన్ అకార్డియన్‌కు పేటెంటు కోరింది ఆ రోజే.

జూన్ చివర వచ్చే యుహన్నుస్ అనే నడివేసవి పండుగ నుంచి అందరూ చెరువు గట్ల మీది నాట్యమండపాలకు చేరతారు. టాంపెరెకు దగ్గర్లో ఉన్న ఇకాలినెన్ అనే ఊళ్లో 1972లో మొదలైన సాతా-హామె సోయి అకార్డియన్ ఉత్సవానికి దేశం నలుమూలల నుంచీ వాద్యకారులు వస్తారు, తప్పక వెళ్లండి. హెల్సింకీలోని ఉన్నత సంగీత విద్యాసంస్థ సిబేలియస్ అకాడమీలో శిక్షణ పొందినవారి శాస్త్రీయ కచేరీలూ, పల్లె వాద్యకారుల పోల్కాలూ అక్కడ ఒకే రోజు వినవచ్చు. అయినా వాయించడం నేర్పేది మాత్రం మండపమే అంటాను. అక్కడ వాల్ట్స్, టాంగో, హుంప్పా, యెంక్కా లాంటి నాట్యాల్లో ఏదైనా ఒకే రకానికి రెండేసి పాటలు వరసగా వాయిస్తారు; జంటలు రెండూ ఆడి, భాగస్వామిని తిరిగి ఆమె చోటుకు చేర్చి వస్తారు. లయ ఒక్క పిసరు పరుగెత్తినా నర్తకుల పాదాల్లో వెంటనే తెలిసిపోతుంది.

మీ హార్మోనియం చెయ్యి ఇక్కడ బాగా పనికొస్తుంది, ఎందుకంటే రెండింటిలోనూ శబ్దం పుట్టేది గాలికి కదిలే రీడు నుంచే. కష్టపడవలసింది తిత్తి దగ్గర. అకార్డియన్ లాగినప్పుడూ నొక్కినప్పుడూ పలుకుతుంది. దిశ మారే క్షణం పాట మధ్యలో తెగినట్టు వినబడకూడదు. కాబట్టి పాట ఊపిరి తీసే చోట్లను, అంటే తిత్తి దిశ మార్చుకోవలసిన చోట్లను ముందే గుర్తు పెట్టుకోవాలి. పియానో మెట్లున్న వాద్యం అలవాటైనదే కదా అని కొనవద్దు, ఇక్కడ ఎక్కువమంది వాయించే అయిదు వరసల బొత్తాల వాద్యమే తీసుకోండి. మొదటి మూడు వరసల్లో పన్నెండు స్వరాలూ వస్తాయి, మిగతా రెండు వరసల్లో అవే మళ్లీ వస్తాయి. అందువల్ల ఒకటో శ్రుతిలో నేర్చిన కీర్తనను రెండున్నరకు మార్చాలంటే వేళ్ల వరస మార్చకుండా చెయ్యి జరిపితే సరిపోతుంది. ఎడమచేతి బేస్ బొత్తాలు పంచమం వరసలో ఉంటాయి కాబట్టి షడ్జమం పక్కనే పంచమం దొరుకుతుంది, రెండూ నొక్కి పట్టుకుంటే మీ ఆధారశ్రుతి సిద్ధం. పెద్ద వాద్యం పది కిలోలు దాటుతుంది, ధర కూడా ఎక్కువ. సంఘంలో ఎవరి దగ్గరైనా అద్దెకు దొరుకుతుందేమో మొదట అడగండి. మీరు జులైలోనే దిగుతున్నారు కాబట్టి తరగతి నమోదు తేదీని ఇప్పుడే చూసుకుని పెట్టుకోండి.