శనివారమా, ఆదివారమా? ముందు విశ్రాంతి ఎవరికో చూడండి

ప్రశ్న: మాది గుంటూరు. తాతల కాలం నుంచీ లూథరన్ సంఘం. ఏడాదిగా మావారు శనివారం ఆరాధన జరిపే అడ్వెంటిస్టు సంఘానికి వెళ్తున్నారు. ఆదివారం ఆరాధన కాన్‌స్టంటైన్ చక్రవర్తి పెట్టిందట, ఆ రోజు చర్చికి వెళ్తే ప్రకటన గ్రంథంలో చెప్పిన మృగపు ముద్ర, అంటే దేవుని విరోధి గుర్తు, వేయించుకున్నట్టేనట. శుక్రవారం పొద్దు గూకేలోపు వంటా, బట్టలూ, ఇల్లు తుడవడం అన్నీ నేను ముగించాలి. ఆయన శనివారాలు ఆఫీసు మానేస్తుంటే జీతం కోస్తున్నారు. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదివే అమ్మాయిని కూడా శనివారం బడికి వెళ్లొద్దంటున్నారు. అత్తయ్య గారు రోజూ ఏడుపే. ఆదివారం ఆవిణ్ని చర్చికి తీసుకెళ్లేది నేనే. అసలు ఏ రోజు సరైనది?

సమాధానం: అమ్మా, మొదట ఆ మృగపు ముద్ర భయం వదిలేయండి. ఈ రోజు ఆదివారం ఆరాధించే వాళ్లకు ఆ ముద్ర పడిపోయిందని అడ్వెంటిస్టులే బోధించరు. ముందుముందు ఎప్పుడో ఆదివారాన్ని చట్టంతో బలవంతపెట్టే కాలం వస్తుందని, అప్పటి ఎంపికను బట్టి ముద్ర అని వాళ్ల బోధ. మీవారు ఈ మాట తమ పాస్టరు గారినే అడగవచ్చు. తల్లినీ భార్యనీ బెదిరించడానికి ఆ వాక్యం వాడటం వాళ్ల లెక్కలోనూ తప్పే.

కాన్‌స్టంటైన్ సంగతి సగమే నిజం. 321లో ఆయన ఆదివారం సెలవు చట్టం చేశాడు. న్యాయాధికారులు, పట్టణవాసులు, చేతిపనుల వాళ్లు పని ఆపాలి, రైతులు మాత్రం పొలం పని చేసుకోవచ్చు అన్నాడు. సెలవు ఇచ్చింది ఆయనే గాని ఆరాధన పెట్టింది ఆయన కాదు. అంతకు 160 ఏళ్ల ముందే, 155 ప్రాంతంలో, రోములో ఉన్న జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు, అప్పటి చక్రవర్తికి రాసిన విన్నపంలో క్రైస్తవులు ఆదివారం కూడుకుంటారనీ, లేఖనాలు చదువుకుని రొట్టె పంచుకుంటారనీ చెప్పాడు. ఇంకా వెనక్కి వెళ్తే అపొస్తలుల కార్యములు 20:7లో త్రోయ పట్టణంలో విశ్వాసులు ఆదివారం రొట్టె విరిచారు.

ఇక మీవైపు వాదన కూడా పూర్తిగా నిలవదు. విశ్రాంతి దినం శనివారం నుంచి ఆదివారానికి మారిందని చెప్పే వచనం బైబిల్లో ఒక్కటీ లేదు. యేసు ప్రభువు శనివారమే యూదుల ప్రార్థనా స్థలమైన సమాజమందిరానికి వెళ్లేవాడు, అది ఆయన వాడుక (లూకా 4:16). పౌలు కొరింథులో ప్రతి విశ్రాంతి దినానా సమాజమందిరంలో బోధించాడు. నాలుగో శతాబ్దంలో లవొదికయలో కూడిన సంఘ పెద్దల సభ, శనివారం పని మానవద్దని ప్రత్యేకంగా నియమం పెట్టాల్సి వచ్చింది. మానేవాళ్లు ఉన్నారు కాబట్టే కదా! ఇథియోపియా ఆర్థడాక్స్ సంఘం నేటికీ రెండు రోజులనూ గౌరవిస్తుంది. అత్తయ్య గారికి ఇది కొత్తగా ఉండొచ్చు గానీ, 1530 నాటి లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 28వ అధికరణంలోనే, విశ్రాంతి దినం బదులు ఆదివారం తప్పనిసరి అని సంఘం శాసించిందనుకోవడం పొరపాటని రాసుంది. అందరూ ఎప్పుడు కూడుకోవాలో తెలియాలి కాబట్టి ఒక రోజు పెట్టుకున్నామంతే అంటారు వాళ్లు.

నా అభిప్రాయం అడిగితే, పది ఆజ్ఞల్లో విశ్రాంతి దినపు ఆజ్ఞ చెప్పే ఏడో రోజు శనివారమే, క్రైస్తవులు మొదటి తరాల నుంచీ కూడుకున్నది ఆదివారం. రెండూ నిజాలే. రోమా 14:5లో పౌలు ఈ తగవు తీర్చకుండా, ఎవరి మనస్సులో వారు రూఢిపరచుకోమని వదిలేశాడు. అందుకని మీవారు శనివారం పాటించడంలో నాకు తప్పు కనబడదు. ఆ శనివారం మీ నడుం మీదుగా నడవడమే తప్పు.

ద్వితీయోపదేశకాండము 5:14 ఇద్దరూ కలిసి చదవండి. నీవు, నీ కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంటనున్న పరదేశి, ఎవరూ పని చేయకూడదు. పెద్ద జాబితా. అందులో భార్య పేరు లేదు! అంటే ఆమె పని చేయొచ్చని కాదు, 'నీవు' అన్న మాటలోనే ఆమె ఉంది. మీవారు శనివారం విశ్రమిస్తున్నారు. మీరు శుక్రవారం రెండు రోజుల పని చేసి, ఆదివారం మళ్లీ అత్తయ్య గారితో చర్చికి, ఆ వెంటనే వంటకి. ఆయనకు ఒక విశ్రాంతి దినం, మీకు సున్నా.

కాబట్టి శుక్రవారం పని పంచుకోండి. విశ్రాంతి దినం సాయంత్రం నుంచి సాయంత్రం వరకు (లేవీయకాండము 23:32) కాబట్టి గడువు సూర్యాస్తమయం. గుంటూరులో నవంబరు చివర అది 5:30 ప్రాంతంలో, జూలై మొదట్లో 6:45 దగ్గర. చలికాలంలో గంటంపావు తక్కువ దొరుకుతుందన్నమాట, గొడవలు ఎక్కువయ్యేదీ అప్పుడే. బట్టలు గురువారమే ఉతికేయాలి. ఇల్లు తుడవడం, కూరగాయలు తరగడం మీవారి పని, శుక్రవారం ఆఫీసుకు వెళ్లేముందే. మధ్యాహ్నం వండిన పప్పును బయట ఉంచితే మన ఎండలకు శనివారం పొద్దుటికే పులిసి నురగ కడుతుంది. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా చింతపండు పులిహోర కలపండి, మర్నాటికి ఆగుతుంది. వేడి చేసుకోవడాన్ని అడ్వెంటిస్టుల్లో చాలామంది తప్పు పట్టరు. శనివారం పళ్లెం తీసి కడిగేది కూడా ఆయనే. ఆదివారం మీరు చర్చి నుంచి వచ్చేసరికి అన్నం వండి ఉంచాలి. ఆయనకు అది మామూలు పనిదినమే కదా.

జీతం లెక్క కాగితం మీద వేయండి. నెలకు 24,000 అనుకుంటే, 26 పనిదినాలకు రోజుకు సుమారు 923 రూపాయలు. నాలుగు శనివారాలకు 3,692. చెప్పకుండా మానేస్తే అది కోతతో ఆగదు, క్రమశిక్షణ నోటీసు దాకా పోతుంది. శనివారం బదులు మిగతా ఐదు రోజులు గంటన్నర చొప్పున అదనంగా పని చేస్తానని యాజమాన్యానికి రాతపూర్వకంగా అడగమనండి. ఒప్పుకోకపోతే ఆ 3,692 ఏ ఖర్చులోంచి తగ్గించాలో ఆయనే చెప్పాలి.

అమ్మాయి విషయంలో మాత్రం మెత్తబడకండి. వచ్చే ఏడు పదో తరగతి. పరీక్షల టైంటేబుల్ రాగానే శనివారాలు ఎన్ని పడ్డాయో చూడండి. మతం కారణంగా వేరే తేదీ ఇవ్వమని బోర్డుకు విన్నవించుకోవచ్చు, ఇస్తారన్న భరోసా లేదు. పద్నాలుగేళ్ల పిల్ల, నాన్న నమ్మకం కోసం బడి మానడం వేరు, తనే నమ్మి మానడం వేరు. అప్పటిదాకా శనివారం బడికి వెళ్తుంది, సాయంత్రం ఇష్టమైతే నాన్న ప్రార్థనలో కూర్చుంటుంది.

అత్తయ్య గారితో మీవారే మాట్లాడాలి, మీరు మధ్యవర్తిగా వద్దు. కొడుకు సంఘం మారాడనే కంటే, క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు తన పక్కన కూర్చోడేమోనన్నది ఆవిడ దిగులు కావచ్చు. ఆ రెండు రోజులు వస్తావా రావా అని ఆయన్ని అడగండి.