పాము కంటే ముందు పెట్టె

చి. చిన్నూకి పిన్ని ఆశీస్సులు.

నువ్వు కార్న్ స్నేక్ పిల్లను, అదే ఇళ్లలో పెంచుకునే ఆ విషం లేని అమెరికా పాము పిల్లను, తెచ్చుకుంటున్నావని నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. "వాడికి అన్నీ నీ బుద్ధులే వచ్చాయి, నువ్వే ఆపు" అని ఒకటే గోల. నేను ఆపను. నాకు గర్వంగా ఉంది నాన్నా. కానీ పిల్లను శనివారమే తెస్తున్నావనీ, పెట్టె ఇంకా కొననే లేదనీ విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అది తలకిందుల పని. ముందు పెట్టె కొను, సర్దు, వేడి పెట్టు, వారం రోజులు ఖాళీగా నడిపి చూడు. పిల్లను ఇంకో పది రోజులు ఉంచమని అమ్మేవాళ్లను అడుగు. పాములు పెంచి అమ్మే మంచి మనుషులెవరూ కాదనరు.

లీజు కాగితంలో పాముల గురించి ఏం రాశారో చదువు. ఉద్యోగం మారి టెక్సాస్ నుంచి అట్లాంటా వైపు వెళ్లే ఆలోచన ఉంటే ఇప్పుడే ఆగిపో. అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రంలో అక్కడి సొంత జాతుల విషం లేని పాముల్ని ఇంట్లో పెంచుకోనివ్వరు, కార్న్ స్నేక్ ఆ లెక్కలోకే వస్తుంది. ఇండియాలోనూ అంతే, మన పొలాల్లో తిరిగే జెర్రిపోతును పట్టుకొచ్చి పెంచితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఇక పెట్టె. ఈ పాము పెద్దదయ్యాక నాలుగైదు అడుగులు ఉంటుంది, బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. అది దాదాపు ఒళ్లంతా చాచుకుని పడుకోగలగాలి కాబట్టి 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్నది చివరికి ఎలాగూ కొనాలి. మొదటి ఏడాదికి మాత్రం 20 గ్యాలన్ల పొడుగు రకం గాజు ట్యాంకు చాలు. అది 30 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు ఉంటుంది. పెద్ద పెట్టెలో పెడితే పిల్ల బెదిరిపోయి తినదని కొందరంటారు. పిల్ల బెదిరేది జాగా ఎక్కువైనందుకు కాదు, దాక్కునే చోటు లేక. అయినా చిన్న ట్యాంకే ఎందుకంటున్నానంటే, అందులో పిల్ల ఎక్కడుందో, తిన్నదో లేదో, వేడి ఎంతుందో నీ కంటికి ఆనుతుంది.

మూత గురించి మొహమాటం లేకుండా చెప్తాను. పెన్సిల్ దూరే సందులో పిల్ల దూరుతుంది. తల పట్టిందంటే ఒళ్లంతా పట్టినట్టే. జాలీ మూతకు నాలుగు వైపులా క్లిప్పులు పెట్టు. పైన పుస్తకాలు బరువు పెట్టి సరిపెట్టకు, మూల ఎత్తుకుని పోతుంది. రేపు జరిపే అద్దాల పెట్టె కొన్నాక, రెండు అద్దాలు ఒకదానిమీద ఒకటి వచ్చే చోట నిలువునా సన్నటి సందు ఉంటుంది, దానికి మెత్తటి ప్లాస్టిక్ పట్టీ వేయాలి. వైర్లు వెళ్లే కన్నాలూ చూసుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ముక్క రెండుసార్లు చదువు. ఈ తప్పు నా ఇంట్లోనే జరిగింది, నీ ఇంట్లో జరగకూడదు.

పాముకు వేడినిచ్చే హీట్ మ్యాట్ పలుచటి అట్టలా ఉంటుంది. ట్యాంకు అడుగున బయటి వైపు, ఒక చివర, అడుగు భాగంలో మూడో వంతు మించకుండా అతికిస్తారు. దానికి ఆగడం తెలియదు. ప్లగ్‌లో ఉన్నంతసేపూ కాగుతూనే ఉంటుంది, వదిలేస్తే పైనున్న గాజు 110 డిగ్రీల ఫారెన్‌హీట్ కూడా దాటగలదు. అందుకే, మనం పెట్టిన అంకె దాటగానే మ్యాట్‌ను ఆపే థర్మోస్టాట్ పెడతాం. దాని వైరు చివర వేడిని పసిగట్టే వేలి కొసంత ప్రోబ్ ఉంటుంది, థర్మోస్టాట్‌కు కళ్లూ ఒళ్లూ అన్నీ అదే. అది ఎక్కడుంటే అక్కడి వేడే దానికి తెలుస్తుంది.

తప్పు ఏమిటంటే, ప్రోబ్‌ను ట్యాంకు లోపల, అడుగున పరిచే చెక్క పొట్టు మీద పెట్టడం. పొట్టు మీద 85 చూపిస్తుంటే అంతా బాగానే ఉందనుకుంటాం. మూడంగుళాల పొట్టు దుప్పటిలా వేడిని కింద ఆపేస్తుంది కాబట్టి కింద గాజు 100 దాటి ఉంటుంది. కార్న్ స్నేక్ పొట్టు తవ్వుకుంటూ పోయి సరిగ్గా ఆ గాజు మీదే చుట్ట చుట్టుకుంటుంది. దీనికి తోడు మా పాము ఒక రాత్రి తిరుగుతూ ప్రోబ్‌ను తోసేసి చల్లటి వైపు నీళ్ల గిన్నె పక్కన పడేసింది. అక్కడ 74 ఉంది. థర్మోస్టాట్ చలేస్తోందనుకుని తెల్లవార్లూ మ్యాట్‌ను ఆపకుండా కాల్చింది. పాము లేచి పక్కకు పోతుంది కదా అనుకోకు. కింద కాలుతున్నా చాలాసార్లు కదలకుండా అక్కడే పడుంటుంది.

మొదట కనిపించేది చిన్నదే. కార్న్ స్నేక్ పొట్ట మీద చదరంగం బల్లలా తెలుపూ నలుపూ గళ్లుంటాయి. తెల్ల గళ్లలో లేత గులాబీ రంగు కమ్ముకుంటుంది, మరకేమో అనిపిస్తుంది. రెండో రోజుకి పొలుసుల అంచులు ముడతపడి తుప్పు రంగుకి తిరుగుతాయి, ఆ తర్వాత నీటి బొబ్బలు. సరీసృపాలను చూసే డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకెళ్లాలి. పొట్టు మొత్తం తీసేసి తెల్ల పేపర్ టవల్స్ వేసి రోజూ మార్చాలి, ఇచ్చిన మందు రాయాలి. కుబుసం మీద కుబుసం విడిస్తే గానీ మానదు. మా పాము పొట్ట మీద ఆ గళ్లు మళ్లీ వరస తిరగలేదు.

అందుకని ప్రోబ్‌ను బయటే పెట్టు. మ్యాట్‌కీ గాజుకీ మధ్య, మ్యాట్ నడిమధ్యలో పెట్టి అల్యూమినియం టేపుతో కదలకుండా బిగించు. ట్యాంకు నాలుగు మూలలా చిన్న కాళ్లు పెట్టి గాలి ఆడేలా లేపు. థర్మోస్టాట్‌ను 90 దగ్గర పెట్టి నాలుగు గంటలు వదిలేయి. తర్వాత లోపల పొట్టు పక్కకు జరిపి ముట్టుకోకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌ను గాజు మీదే గురిపెట్టి చూడు. 88 నుంచి 90 మధ్య రావాలి. ఎక్కువొస్తే థర్మోస్టాట్ తగ్గించు, అంతేగానీ పొట్టు మందం పెంచకు. మ్యాట్ ఉన్న వైపు పొట్టు అంగుళం చాలు, చల్లటి వైపు మూడు నాలుగు అంగుళాలు వెయ్యి, అక్కడ తవ్వుకుంటుంది. ప్రోబ్‌ను అతికించక ముందే చేత్తో గట్టిగా పట్టుకుని, చదివే అంకె పెరుగుతోందా, పెట్టిన అంకె దాటగానే మ్యాట్ ఆగుతోందా చూడు. ఇంకోటి, లోపల ఎక్కడా సెల్లోటేపు వాడకు. పాము అతుక్కుపోతే పొలుసులతో సహా ఊడొస్తుంది.

చల్లటి వైపు 72 నుంచి 78 ఉండాలి. నువ్వు ఊరెళ్లేటప్పుడు ఏసీ ఆపేసి పోయే రకం, నాకు తెలుసు. ప్లేనోలో జులై నెలలో అలా చేస్తే గదే 95 దాటుతుంది, ఇక పాముకు చల్లటి వైపంటూ మిగలదు. ఆ అలవాటు మానాలి. చలికాలం సంగతీ ఉంది. 2021 ఫిబ్రవరిలో మీ టెక్సాస్‌లో రోజుల తరబడి కరెంటు పోయింది గుర్తుందిగా? ఒక థర్మాకోల్ పెట్టె, పాత దిండు గలీబు, చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్లు ఒక సంచిలో కట్టి ఉంచు. పామును గలీబులో వేసి మూతి కట్టి థర్మాకోల్ పెట్టెలో పెట్టాలి. ప్యాకెట్‌ను గుడ్డలో చుట్టి గలీబుకు తగలకుండా ఒక మూలన ఉంచాలి. పెట్టెకు గాలి కన్నాలు మర్చిపోకు.

పొట్టుకు ఆస్పెన్ చెక్కది తీసుకో. దేవదారు, పైన్ వద్దు, వాటి ఘాటు నూనెలు పాములకు చేటు. దాక్కోవడానికి రెండు గూళ్లు, వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి. ఒళ్లు గోడలకు ఆనేంత ఇరుకుగా ఉంటేనే పాముకు నిబ్బరం. ఒక్కటే గూడు పెడితే భయపడి వేడి సంగతి చూసుకోకుండా అందులోనే ఉండిపోతుంది. నీళ్ల గిన్నె బరువైనది, రోజూ నీళ్లు మార్చు. తేమ 40 నుంచి 60 శాతం. కళ్లు పాలలా తెల్లబడ్డాయంటే కుబుసానికి వస్తోందని అర్థం, అప్పుడు తడిపి పిండిన నాచు వేసిన ఇంకో గూడు పెట్టు. ట్యాంకును కిటికీ ఎండలో పెట్టకు.

మన ఇళ్ల సంగతి కూడా చెప్పాలి. వంటింటి పక్కన పెట్టకు, పోపు ఘాటూ నూనె పొగా దానికి పడవు. సాంబ్రాణి, అగరొత్తులు ఆ గదిలో వద్దు. పామును గానీ గిన్నెను గానీ ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కో, జబ్బు చేసే సాల్మొనెల్లా క్రిమి ఉండొచ్చు. గిన్నె వంటింటి సింకులో కడగకు. నాగుల చవితికి అక్క ప్లేనోలోనే ఉంటుందిగా, గిన్నెలో పాలు పోస్తానంటుంది. పోయనివ్వకు. పాముకు పాలు అరగవు.

తెచ్చాక వారం రోజులు ముట్టుకోకు. ఆ తర్వాత గడ్డకట్టించి అమ్మే పింకీ ఎలుకను, అంటే ఇంకా బొచ్చు రాని ఎలుక పిల్లను, కరిగించి వెచ్చబెట్టి ఒకటి పెట్టు, తిన్నాక రెండు రోజులు చేతిలోకి తీయకు.

ఈ శనివారం నాకు పాము ఫోటో వద్దు. రాత్రి పదింటికి ఒకసారి, పొద్దున ఆరింటికి ఒకసారి రెండు వైపుల థర్మామీటర్లూ కనిపించేలా ఫోటో తీసి పంపు. వారం పాటు రోజూ పంపు. అంకెలు నిలకడగా ఉంటే ఆ పై శనివారం వెళ్లి తెచ్చుకుందువుగాని. అక్కతో నేను మాట్లాడతాలే.

మీ పిన్ని