ఆర్కిడ్‌కి రోజూ నీళ్ళు పోయొద్దక్కా!

మొక్కల డౌట్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, మా తమ్ముడు బెంగుళూరు నుంచి వస్తా వస్తా ఒక ఆర్కిడ్ తెచ్చిచ్చినాడు, వెడల్పు తెల్లపూలది. ప్లాస్టిక్ తొట్టిలో ఉంది, దాన్ని ఇంకో పింగాణీ తొట్టిలో పెట్టి ఇచ్చినారు. వంటింటి కిటికీలో పెట్టి రోజూ పొద్దున ఒక గ్లాసు నీళ్ళు పోస్తా ఉండా. నెలన్నర బాగుండింది, ఇప్పుడు పూలన్నీ ఒకటొకటే రాలిపోయినాయి, కింద ఆకు పసుపుగా అయింది, మిగతావి ముడతలు పడి వాలిపోయినాయి. వేర్లేమో తొట్టి బయటికి వచ్చేస్తా ఉండాయి. ఎర్రమన్ను, పేడ ఎరువు కలిపి పెద్ద తొట్టిలోకి మార్చమని మా అత్త అంటా ఉంది. మార్చేదా?
— ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అక్కా, ముందు ఆ ఎర్రమన్ను ఐడియా ఆపండి, మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం. మీ అత్తగారు చెప్పింది మల్లెకో మందారానికో అయితే కరెక్టే, ఈ మొక్కకే కుదరదు. మీ దగ్గర ఉన్నది ఫలనాప్సిస్, షాపుల్లో ఎక్కువగా అమ్మేది ఇదే. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా లాంటి చోట్ల అడవుల్లో చెట్ల కొమ్మలు పట్టుకుని బతికే మొక్క ఇది, నేల మీద మన్నులో పెరిగేది కాదు. చెట్టు మీద ఉంటాది కదా అని మన మామిడి తోటల్లో పట్టే బదనిక లాంటిదేమో అనుకోవద్దు, బదనిక చెట్టు రసం పీల్చేస్తాది, ఇది ఊరికే కూర్చుంటాది అంతే, వాన నీళ్ళూ గాలిలో తేమా వేర్లతో పట్టుకుని బతుకుతాది. ఆ వేర్ల మీద స్పాంజి మాదిరి తెల్లటి పొర ఉంటాది, నీళ్ళు తగలగానే పీల్చేసుకుంటాది, తర్వాత దానికి గాలి కావాలి. గాలి ఆడకుండా 24 గంటలూ తడిలో పెడితే ఆ పొర కుళ్ళిపోతాది. మన్నులో పెట్టినా అదే కథ. బయటికి వచ్చే వేర్లు మామూలే, వాటిని లోపలికి తొక్కొద్దు, కత్తిరించొద్దు.

పూలు రాలినందుకు భయపడొద్దు. ఈ పూలు 2, 3 నెలలుంటాయి, మన వేడికి కొంచెం ముందే రాలుతాయి. అన్నిటికంటే కింద ఉన్న ముసలి ఆకు ఒకటి పసుపయి పోవడం కూడా సహజమే. ఆకులన్నీ ముడతలు పడినాయన్నారు చూడండి, అసలు సమస్య అక్కడుంది. ముడతలంటే ఆకుకి నీళ్ళు అందడం లేదని. చాలామంది అది చూసి ఇంకో గ్లాసు ఎక్కువ పోస్తారు, కానీ రోజూ పోస్తా ఉన్న మొక్కకి నీళ్ళు అందలేదంటే వేరు కుళ్ళిందనే లెక్క, తాగే నోరే లేనప్పుడు ఎంత పోసి ఏం లాభం! పైగా ఆ పింగాణీ తొట్టికి కింద బొక్క ఉండదు, అడుగున నీళ్ళు నిలిచి ఉంటాయి, ఈరోజే ఎత్తి చూడండి.

ఇప్పుడు చేయాల్సిందేందంటే, మొక్కని ప్లాస్టిక్ తొట్టిలోంచి మెల్లగా తీసి పాత పీచంతా దులిపేయండి. మధ్యలో వేర్ల నడుమ నాచు ముద్ద ఒకటి గట్టిగా కుక్కి ఉంటాది చాలా మొక్కలకి, అది కూడా తీసేయండి, కుళ్ళు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. ఒక్కో వేరు వేలితో నొక్కి చూడండి, గట్టిగా ఉంటే బతికున్నట్టు, మెత్తగా గోధుమ రంగులో ఉండి పట్టి లాగితే తోలు ఊడి దారం మిగిలితే అది పోయినట్టే. పోయినవి స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో కత్తిరించండి. దాల్చినచెక్క పొడి పూయమని వీడియోల్లో చెప్తారు, ఆకు మీద గాయమైతే సరే, వేర్లకి మాత్రం వద్దు, మంచి వేరుని కూడా ఎండబెట్టేస్తాది.

మళ్ళీ నాటేదానికి కట్టెబొగ్గు ముక్కలు, టెంకాయ పీచు ముక్కలు చాలు, మన ఊర్లో టెంకాయ పీచుకి కరువా! పీచుని ఒక రాత్రి నానబెట్టి, ఆ ఎర్రనీళ్ళు పారబోసి, ఇంకోసారి కడిగి వాడండి. బొగ్గు పొడి, బూడిద లేకుండా జల్లించి వేయండి. పక్కల కూడా బొక్కలున్న, లోపల వేర్లు కనిపించే ప్లాస్టిక్ తొట్టి దొరికితే అదే బెస్టు. పెద్దది వద్దు, వేర్లు ఇరుగ్గా పట్టేంత ఉంటే చాలు. పాత పూలకాడ అడుగుదాకా కోసేయండి, నీరసంగా ఉన్న మొక్కకి అది భారమే. అదే మొక్క బలంగా ఉండి కాడ పచ్చగా ఉంటే, కింద నుంచి రెండో కణుపో మూడో కణుపో చూసుకుని దాని పైన కోస్తే పక్క కొమ్మేసి మళ్ళీ పూసే చాన్సుంది.

నీళ్ళు ఎప్పుడు పోయాలో క్యాలెండర్ చూసి కాదు, వేర్లు చూసి తెలుసుకోండి. తడిగా ఉన్న వేరు పచ్చగా ఉంటాది, ఆరితే వెండి రంగుకొస్తాది, లోపలి వేర్లు కూడా వెండి రంగుకొచ్చినప్పుడు పోయండి. మే నెలలో 3, 4 రోజులకొకసారి పడొచ్చు, నవంబర్ వానల్లో వారం పది రోజులు అక్కర్లేకపోవచ్చు. పోసేటప్పుడు పొద్దున్నే, పింగాణీది తీసేసి, కింద నుంచి ధారగా కారేదాకా పోసి, నీళ్ళు పూర్తిగా కారిపోయాకే మళ్ళీ లోపల పెట్టండి. ఆకుల మధ్య నడిమొగ్గలో నీళ్ళు నిలిస్తే టిష్యూతో అద్దేయండి, అక్కడ కుళ్ళితే మొక్క దక్కడం కష్టం. బోరు నీళ్ళు బకెట్లకి తెల్లగా ఉప్పు పట్టించేవైతే వాడొద్దు, ఆర్వో నీళ్ళు వాడండి, ఆర్వో మిషన్ వదిలేసే వేస్టు నీళ్ళు మాత్రం పోయొద్దు, ఉప్పంతా దాంట్లోనే ఉంటాది. అక్టోబర్, నవంబర్‌లో మిద్దె మీద వాన నీళ్ళు పట్టుకుంటే ఇంకా మంచిది.

ఇంకోటి, వంటింట్లోంచి తీసేయండి. స్టవ్ సెగ ఒకటి, పండబెట్టిన బేనీషా మామిడికాయల బుట్ట ఉంటే అది ఇంకోటి. పండుతా ఉన్న మామిడికాయల నుంచి ఇథిలీన్ గ్యాస్ వస్తాది, దానికి ఆర్కిడ్ మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతాయి. హాల్లో తూర్పు కిటికీ దగ్గర పెట్టండి, పొద్దున లేత ఎండ చాలు, తర్వాత పరదా వేసేయండి. ఆకు ముదురు పచ్చగా ఉంటే వెలుతురు చాలట్లేదని, పసుపు కలిసిన పచ్చగా మారితే ఎక్కువైందని. మన 40 డిగ్రీల ఎండల్లో మిద్దె మీదికి ఎక్కించారంటే రెండ్రోజుల్లో ఆకులు మాడతాయి. ఏసీ గాలి నేరుగా తగిలే చోటు కూడా వద్దు.

కొత్త వేరు వచ్చేదాకా ఎరువు వద్దు. వచ్చాక 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్ళలో కరిగే ఎరువు) లీటరు నీళ్ళకి అర గ్రాము, 15 రోజులకొకసారి, అదీ ముందు మామూలు నీళ్ళతో తడిపాక. బియ్యం కడిగిన నీళ్ళు, అరటితొక్క కషాయం లాంటివి దీనికి పోస్తే దోమలూ వాసనా తప్ప నాకైతే ఇంకేం లాభం కనిపించలా.

ప్రశ్న: అన్నా, నాకు ఆర్కిడ్ కొనాలనుంది, కానీ ఇంట్లో వెలుతురు తక్కువ, మిద్దె మాత్రం ఉంది. ఏది కొనమంటారు?
— గిరింపేట, చిత్తూరు

జవాబు: డెండ్రోబియం కొను తమ్ముడూ. పెళ్ళి స్టేజీల మీద ఊదా రంగులో గుచ్చి ఉంటాయే, అవే, ఆ కోసిన పూలు చాలావరకు థాయ్‌లాండ్ నుంచి వస్తాయి. వేడికి ఫలనాప్సిస్ కంటే బాగా తట్టుకుంటాది. మిద్దె మీద 50 శాతం షేడ్ నెట్ కట్టి, బొగ్గులో పెట్టి వేలాడదియ్యి. ఎండాకాలం రోజూ నీళ్ళు పోయాల్సొస్తాది, పై జవాబు చదివి కంగారు పడొద్దు, బయట గాలికి బొగ్గు సాయంత్రానికే ఆరిపోతాది కాబట్టి పర్లేదు.

ప్రశ్న: శేషాచలం అడవిలో చెట్ల మీద ఆర్కిడ్లు ఉంటాయంట కదా, ఒకటి తెచ్చుకుని పెంచుకోవచ్చా?
— చంద్రగిరి

జవాబు: వద్దు. మన ఆంధ్రా అడవుల్లో వాండా టెసెల్లాటా లాంటివి చెట్ల మీద పెరిగే మాట నిజమే, కానీ శేషాచలం 2010లో బయోస్పియర్ రిజర్వ్ (జీవజాతుల్ని కాపాడే రక్షిత ప్రాంతం) అయింది, అక్కడ మొక్క పీకితే కేసు. పీకి తెచ్చినా ఇంట్లో బతికేది తక్కువ. నర్సరీలో హైబ్రిడ్ వాండాలు దొరుకుతాయి, అవి కొనుక్కోండి.

ప్రశ్న: నా ఫలనాప్సిస్‌కి ఆకులు బ్రహ్మాండంగా ఉన్నాయి, రెండేళ్ళయినా పువ్వు మాత్రం లేదు.
— పలమనేరు

జవాబు: దానికి రాత్రిపూట చల్లదనం కావాలి మేడమ్, కొన్ని వారాలు రాత్రులు 18 డిగ్రీల దగ్గరికి దిగితే పూలకాడ వేస్తాది. మీ పలమనేరులో అది ఈజీ, తిరుపతి వాళ్ళకి డిసెంబర్, జనవరి తప్ప దొరకదు. నవంబర్ నుంచి రాత్రి తెరిచి ఉండే కిటికీ పక్కన పెట్టండి, వెలుతురు కూడా కొంచెం పెంచండి. ఆకు మొదట్లోంచి కొత్తగా ఏదైనా పొడుచుకొస్తే చూడండి, కొస గుండ్రంగా నున్నగా ఉంటే వేరు, కొంచెం చప్పిడిగా పొలుసు పొలుసుగా ఉంటే పూలకాడ. కాడ అని తేలాక తొట్టిని తిప్పొద్దు, తిప్పితే వెలుతురు కోసం మెలికలు తిరుగుతాది. అక్కడ్నించి పువ్వు విచ్చేదానికి ఇంకో 2, 3 నెలలు పడతాది.