పైలట్ పెట్టే ముందు ఒక రాత్రి డ్యూటీ చూడమ్మా

అమ్మా,

కొత్త వైద్య పరికరాలు, సాఫ్ట్‌వేర్లు తయారుచేసే కంపెనీల తరఫున హాస్పిటళ్ళలో పైలట్లు, అంటే ముందుగా చిన్న స్థాయిలో వాడి చూసే ప్రయోగాలు, నడిపించే ఉద్యోగంలో చేరావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం వేసింది. నా సర్వీసంతా హాస్పిటల్ బయోమెడికల్ విభాగంలోనే గడిచింది కదా, నాకు తెలిసింది రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

కంపెనీ కుర్రాడు బెడ్ పక్కనే నిలబడి చూసుకుంటున్నన్ని రోజులూ ఏ పరికరమైనా పనిచేస్తుంది. అతను వెళ్ళిపోయాక, ఆదివారం రాత్రి, నలభై మంది పేషెంట్లని ఇద్దరు సిస్టర్లు చూసుకుంటున్నప్పుడు కూడా పనిచేస్తుందా లేదా అన్నది నువ్వు తేల్చాలి. నీ ఉద్యోగమంతా ఇదే అనుకో.

అందుకని ఏ కంపెనీ వచ్చినా పీపీటీ చూడకముందే వాళ్ళని వార్డుకి తీసుకెళ్ళు, కుదిరితే రాత్రి డ్యూటీలో. ఒక మూల నిలబడి ఊరికే చూడమను. సిస్టర్ బీపీ చూస్తుంది, కేస్ షీట్‌లో రాస్తుంది, రిజిస్టర్‌లో ఎక్కిస్తుంది, డ్యూటీ మారేటప్పుడు తర్వాత వచ్చే సిస్టర్‌కి నోటితో చెప్తుంది. ఇప్పుడు మన యాప్‌లో కూడా ఎక్కించమంటే ఆమె నెత్తిన ఇంకో పని పడ్డట్టే. మొదటి వారం మొహమాటానికి చేస్తారు, ఆ తర్వాత డ్యూటీ దిగే ముందు అందరి రీడింగులూ ఒకేసారి కూర్చుని కొట్టేస్తారు, నీ దగ్గర చేరిన డేటా అంతా ఎందుకూ పనికిరాదు. అందులో సిస్టర్ తప్పేమీ లేదు. ఆ రిజిస్టర్ ఆపేయొచ్చా, యాప్‌లోంచే ప్రింటు తీసి కేస్ షీట్‌లో పెట్టొచ్చా అని సూపరింటెండెంట్‌తోనూ హెడ్ నర్స్‌తోనూ ముందే మాట్లాడాలి. పాత పని ఒక్కటైనా తగ్గించలేకపోతే పైలట్ మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

బెడ్ పక్కన ప్లగ్ పాయింట్లు కూడా లెక్కపెట్టు. ఒకదానికి మానిటర్, ఒకదానికి మందు నెమ్మదిగా ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు, మిగిలిన దానికి పేషెంటు వాళ్ళ ఫోన్ చార్జర్. మనది ఎక్కడ పెడతావు? కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కాసేపట్లో మన పరికరం ఆఫ్ అయితే అప్పటిదాకా ఉన్న రీడింగులు ఉంటాయా, పోతాయా? కంపెనీ వాళ్ళ ముందే ప్లగ్ పీకి చూడు, మాటలతో సరిపెట్టుకోకు. సెన్సర్‌ని ఏ ద్రావణంతో తుడవాలో అడుగు, వార్డులో మాత్రం చేతికి ఏది దొరికితే దానితోనే తుడుస్తారు, స్పిరిట్ కావచ్చు, బ్లీచింగ్ ద్రావణం లాంటి హైపోక్లోరైట్ కావచ్చు.

ల్యాబ్‌లో బాగా పనిచేసింది క్లినిక్‌లో ఎందుకు తడబడుతుందో తెలియాలంటే గూగుల్ వాళ్ళ అనుభవం చదువు. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతినడాన్ని ఫొటో చూసి పసిగట్టే ఏఐని థాయ్‌లాండ్ క్లినిక్‌లలో పెట్టి చూసి, 2020లో ఆ వివరాలు ప్రచురించారు. నర్సులు తీసిన 1,838 ఫొటోల్లో 21% నాణ్యత చాలదని ఆ సిస్టమే తిప్పికొట్టింది. చాలాచోట్ల ఫొటో తీసే గదిని చీకటి చేసే వీలు లేదు, నెట్ కూడా నెమ్మది. ఫొటో తిప్పికొడితే పేషెంటు పని మానుకుని ఇంకోరోజు ఇంకో ఆసుపత్రికి వెళ్ళాలి. ఇదంతా దాచకుండా రాశారు చూడు, అది నాకు చాలా నచ్చింది. జూబ్లీహిల్స్‌లో ఏసీ గదిలో బాగా వచ్చింది కదా అని ఉస్మానియా ఓపీలోనో బస్తీ దవాఖానాలోనో అలాగే వస్తుందని నువ్వు అనుకోకు, కంపెనీని అనుకోనివ్వకు.

ఎవరి మీద పరీక్షించారో కూడా అడగాలి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నదే, అయినా నల్లజాతి పేషెంట్లలో ఆక్సిజన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే సందర్భాలు తెల్లవాళ్ళలో కన్నా మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికా డాక్టర్లు బయటపెట్టారు. మనవాళ్ళ ఒంటిరంగు ఎన్ని ఛాయల్లో ఉంటుందో నీకు తెలుసు కదా.

ఇక అంకెల సంగతి. "90% సెన్సిటివిటీ, 95% స్పెసిఫిసిటీ" అని కంపెనీ గొప్పగా చెప్తుంది. అంటే జబ్బున్న వందమందిలో తొంభైమందిని పట్టుకుంటుంది, జబ్బు లేని వందమందిలో తొంభై అయిదుమందికి లేదనే చెప్తుంది. వెయ్యిమందిలో పదిమందికే జబ్బు ఉందనుకో. అది తొమ్మిదిమందిని పట్టుకుంటుంది, బాగానే ఉంది. మిగతా 990 మందిలో 5% అంటే దాదాపు యాభైమందికి జబ్బు లేకపోయినా ఉందని చూపిస్తుంది. అంటే జబ్బుందని చూపించిన ప్రతి ఆరుగురిలో అయిదుగురికి ఏమీ ఉండదు. ఆ యాభైమంది టెన్షన్‌తో ఎక్కడికి వెళ్తారు, వాళ్ళకి మళ్ళీ టెస్టులు ఎవరు చేస్తారు, ఆ ఖర్చు ఎవరిది అన్నది పైలట్ మొదలుకాకముందే కాగితం మీద ఉండాలి.

రూల్స్ గురించి క్లుప్తంగా చెప్తాను. 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ ప్రకారం పరికరాలు రిస్కుని బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు. తయారీ లైసెన్సు ఎ, బి లకి రాష్ట్రం ఇస్తుంది, సి, డి లకి కేంద్రం. రోగనిర్ధారణకో చికిత్సకో వాడే సాఫ్ట్‌వేర్ కూడా 2020 ఏప్రిల్ 1 నుంచి ఈ లెక్కలోకే వస్తుంది, "మాది ఉత్త యాప్ సార్" అంటే కుదరదు. పేషెంట్ల మీద చేసే పరిశోధన సరైనదో కాదో చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క పేషెంటుని కూడా ముట్టుకోవద్దు, క్లినికల్ ట్రయల్ అయితే మొదటి పేషెంటు చేరకముందే సీటీఆర్ఐలో, అంటే దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదుచేసే రిజిస్ట్రీలో, నమోదు కావాలి. పేషెంటు ఒప్పుకుంటూ సంతకం పెట్టే కన్సెంట్ ఫారం హైదరాబాద్‌లో తెలుగు, ఉర్దూ, హిందీ మూడింటిలోనూ ఉండాలి, అది కూడా పక్కింటావిడకి చదివి వినిపిస్తే అర్థమయ్యే భాషలో. పేషెంటు వద్దంటే చికిత్సలో ఏ తేడా రాదని మొదటి పేజీలోనే రాయించు. పరికరం వల్ల ఎవరికైనా హాని జరిగితే దాచకుండా, వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదుచేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి రిపోర్టు చేయించు.

ఒప్పందంలో మూడు సంగతులు నేనైతే అస్సలు వదలను. డేటా ఎవరి దగ్గర ఉంటుంది, ఏ ఫలితం వస్తే మధ్యలోనే ఆపేస్తాం, ఫలితం బాగా రాకపోయినా బయటపెట్టే హక్కు డాక్టర్లకి ఉందా. మూడోదాని దగ్గర కంపెనీలు గింజుకుంటాయి. గట్టిగా నిలబడు, ఎందుకంటే వార్డులో నీ మాట నమ్మి తలుపు తీసింది డాక్టర్లూ సిస్టర్లూను, రేపు ఇంకో కంపెనీని తీసుకుని నువ్వు మళ్ళీ వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి.

పైలట్ అయ్యాక ఎవరు కొంటారో కూడా మొదట్లోనే అడుగు. పరికరం ఫ్రీగా ఇచ్చి, ప్రతిసారీ వాడి పారేసే టెస్ట్ స్ట్రిప్పులకి డబ్బు గుంజేది అయితే వార్డు బడ్జెట్‌లో అది నిలవదు. ప్రభుత్వ ఆసుపత్రి అయితే కొనుగోలుకి టెండరు, రేటు కాంట్రాక్టు లాంటివి ఉంటాయి, సూపరింటెండెంట్‌కి నచ్చినంత మాత్రాన వెంటనే కొనేయలేరు.

మన ఊళ్ళో ఈ పనికి మంచి పునాది ఉందమ్మా. 1990ల్లోనే గుండె డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి, గుండె రక్తనాళం తెరిచి ఉంచే స్టెంట్‌ని తక్కువ ధరకి తయారు చేయించింది ఇక్కడే. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇంజినీర్లు డాక్టర్ల పక్కనే కూర్చుని పనిచేస్తారు. అక్కడివాళ్ళతో పరిచయం పెంచుకో, అడిగితే చెప్పేవాళ్ళు ఉంటారు.

నీ మొదటి ప్రోటోకాల్ (పైలట్ ఎలా నడుస్తుందో రాసిన ప్రణాళిక) ఎథిక్స్ కమిటీకి పంపే ముందు నాకోసారి పంపు. సిస్టర్ ఏ టైముకి ఏం చేయాలో రాసిన పేజీ ముందుగా చూస్తాను.

మీ పెదనాన్న