ఇల్లు మారినా అతనికి ఎలా తెలుస్తోంది?

ప్రశ్న: అక్కా, ఆరేళ్ల బాబుని తీసుకుని భర్త దగ్గర్నుంచి వచ్చేసి పదకొండు వారాలైంది. ఊరు మారాను, సిమ్ మార్చాను, చిన్న ఉద్యోగం దొరికింది. ఎక్కడున్నానో ఎవరికీ చెప్పలేదు. మొన్న నా పాత మెయిల్‌కి రాశాడు: 'నీలం కర్టెన్ బాగుంది. చివరిసారి ఒక్కసారి కలిసి మాట్లాడుకుందాం.' అప్పట్నుంచి నిద్ర లేదు. ఇంతకుముందు రెండుసార్లు నా గొంతు నులిమాడు. మళ్లీ ఇల్లు మారాలా? అమ్మకి ఫోన్ చెయ్యొచ్చా? తప్పు చేసినదానిలా దాక్కోవడం నావల్ల కావట్లేదు.
– పేరు రాయలేని చెల్లి

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వనే రాస్తున్నా. ఇది అచ్చయ్యేలోపే నీతో ఫోన్‌లో మాట్లాడాను, నువ్వు ఇల్లు కూడా మారిపోయావు. ఉత్తరంలో నిన్ను గుర్తుపట్టే వివరాలన్నీ, కర్టెన్ రంగుతో సహా, మార్చేశాం. ఇదే భయంతో ఉన్న మిగతావాళ్ల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

ఇరవై రెండేళ్ల కిందట నేనూ ఇలాగే వచ్చేశాను. బ్యాంకులో కొత్త అడ్రసు ఇచ్చాను, అది జాయింట్ ఖాతా. స్టేట్‌మెంటు ఆయన చేతికీ వెళ్లింది. నాలుగో రోజు గుమ్మం ముందు నిలబడ్డాడు. అందుకే చెబుతున్నా, అతనికి దివ్యదృష్టి ఏమీ లేదు. ఏదో ఒక వస్తువు చెబుతోంది.

నాకు మొదట అనుమానం వచ్చింది బాబు బొమ్మలు చూసుకునే ట్యాబ్ మీద. అందులో తండ్రి పెట్టిన పాత అకౌంటే ఉంటే, పిల్లాడు సరదాగా తీసిన ప్రతి ఫొటో అతని ఫోన్‌లోనూ కనిపించవచ్చు. లొకేషన్ షేరింగ్ ఆన్‌లో ఉందేమో చూడాలి. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి, తెలియని కంప్యూటర్ పేరు ఏదైనా ఉందేమో చూడాలి. ఎయిర్‌ట్యాగ్ లాంటివి, అంటే తామెక్కడున్నాయో పెట్టినవాళ్ల ఫోన్‌లో చూపించే ట్యాగులు, రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దవి, అంతే. తెలియని ట్యాగ్ వెంట వస్తుంటే హెచ్చరించే ఏర్పాటు 2024 మే నుంచి ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండిట్లోనూ ఉంది, కానీ అన్ని ట్యాగులూ దానికి చిక్కవు. సంచి లైనింగు, బొమ్మ కడుపు చేత్తో నొక్కి చూడాల్సిందే.

దొరికిందని వెంటనే పీకెయ్యకూడదు. అది ఆగిన క్షణమే అతనికి తెలిసిపోతుంది, కోపం అప్పుడే పెరుగుతుంది. అతను పంపిన మెసేజ్‌ని, ఆ స్క్రీన్లని వేరే ఫోన్‌తో ఫొటో తీసి దాచాలి. వేరేవాళ్ల ఫోన్ నుంచి పోలీసులకో, మహిళలకు సాయం చేసే సంస్థకో ముందు చెప్పాలి. వెళ్లేది ఎక్కడికో ఆ ట్యాబ్‌లో వెతకకూడదు, దాన్ని కొత్త ఇంటికి తేకూడదు. కొత్త మెయిల్ కొత్త ఫోన్‌లోనే తెరవాలి, రికవరీకి పాత నంబర్ ఇవ్వకూడదు. బాబుని ఎవరితో పంపాలో, ఎవరితో పంపకూడదో స్కూల్లో రాసి ఇవ్వాలి.

ఇక ఆ 'చివరిసారి' సంగతి. వెళ్లకు. గొంతు నులమడం చెంపదెబ్బ లాంటిది కాదు. ఒకసారి గొంతు నులిమినవాడి చేతిలోనే ఆ ఆడమనిషి ప్రాణం పోయే ప్రమాదం ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని 2008లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. వదిలేసి వచ్చిన తర్వాతి రోజులే అన్నిటికన్నా గండం. గుడి దగ్గరన్నా, పెద్దల ముందన్నా, పిల్లాడి కోసమన్నా వెళ్లకు. మింగేటప్పుడు నొప్పి, గొంతులో మార్పు ఉంటే డాక్టర్‌కి చూపించుకో, పైకి మచ్చ లేకపోయినా సరే.

తప్పు చేసినదానిలా అన్నావే, ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. నేనూ తాళం వేసి మూడుసార్లు లాగి చూసేదాన్ని, మెట్ల మీద అడుగుల చప్పుడైతే పొయ్యి ఆపేసి ఊపిరి బిగబట్టేదాన్ని. తప్పు చేసినవాడు మాత్రం తలుపులు తీసుకుని నిద్రపోయాడు.

అమ్మకి ఫోన్ చెయ్యి. నేను పధ్నాలుగు నెలలు మా అమ్మ గొంతు వినకుండా ఉన్నాను, ఆ ఒక్కటీ అనవసరంగా పడ్డ కష్టం. నీ నంబర్ కాకుండా వేరే నంబర్ నుంచి చెయ్యి, ఊరి పేరు మాత్రం చెప్పకు. అమ్మకి తెలియనిది ఎవరు బెదిరించినా అమ్మ నోట రాదు. మేమిద్దరం ఒక మాట అనుకున్నాం: ఆయన పక్కనే ఉంటే అమ్మ 'మొక్కలకి నీళ్లు పోశావా' అని అడగాలి. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ వెంటనే పెట్టేశాను. నువ్వూ మొదటి ఫోన్‌లోనే అలాంటి మాట ఒకటి అనుకో.